కత్తికి లొంగే అక్షరాలు

కొత్త లిపి కట్టాలని కూర్చున్నవాళ్లు ముందు కాగితం తీస్తారు. నేనైతే చెక్కముక్క, కత్తి తెచ్చుకోమంటాను. లక్డీకాపూల్‌లో బోర్డులు రాయడం నా పని. మా అక్క కూతురు తన నాటకంలోని అడవి మనుషులకు ఒక భాష అల్లి, "మామా, దీనికి రూన్ల లాంటి లిపి కావాలె" అన్నప్పుడు కూడా ఇదే చెప్పాను.

రూన్లు ఉత్తర ఐరోపాలో జర్మానిక్ భాషల వాళ్ల అక్షరాలు. పాత వరుసలో 24. కర్ర, ఎముక, రాయి, లోహం మీద చెక్కేవారు. కర్రలో చారలుంటాయి. వాటి వెంబడి గీసిన గీత ఆ చారల్లోనే కలిసిపోతుంది. అందుకే రూన్లలో నిలువు గీతలు, ఏటవాలు గీతలే ఎక్కువ. తాటాకుది ఇంకో ఇబ్బంది: ఈనె వెంట గంటంతో తిన్నగా గీస్తే ఆకు చీలుతుంది. మన అక్షరాలు గుండ్రంగా తిరగడానికి అదీ ఒక కారణమంటారు.

గీతలకంటే ముందు ధ్వనులు తేల్చుకోవాలి. పిల్ల భాషలో క-గ, త-ద, ప-బ జంటలున్నాయి, ఒత్తులు లేవు. ఒక్కో జంటకు ఒకే ఒంటి రూపం చాలు. మా వీధిలోని ఉర్దూ బోర్డుల్లో బే, పే, తే అలాంటివే. రూపం ఒకటే, చుక్కల్లోనే తేడా. చెక్క మీద మాత్రం చుక్క పురుగు తొలిచిన రంధ్రంలా కనబడుతుంది. కాబట్టి చుక్కకు బదులు కొమ్మ పెట్టాం. 'ది హాబిట్'లో (1937) పాత ఇంగ్లిష్ రూన్లు వాడిన టోల్కీన్, 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో సొంతంగా కిర్త్ లిపి ఇచ్చాడు. అందులో 'ప'కు ఇంకో గీత చేరిస్తే 'బ', అదే 'ప'ను తిప్పేస్తే ఎఫ్ ధ్వని. ఎంత గొప్ప పొదుపు!

తిప్పడం అనగానే పిల్లకు కిలికి గుర్తొచ్చింది. 'బాహుబలి' (2015) కాలకేయుల కోసం మదన్ కార్కీ సుమారు 750 మాటలతో, 40 వ్యాకరణ సూత్రాలతో కట్టిన భాష అది. అందులో 'మిన్' అంటే నేను, తిరగేసిన 'నిమ్' అంటే నువ్వు. మన లిపిలోనూ అక్షరాలు తిప్పుదామంది. నేను ఒప్పుకోలేదు. పాత రూన్లను ఎడమ నుంచి కుడికీ రాసేవారు, కుడి నుంచి ఎడమకీ రాసేవారు, దిక్కు మారితే అక్షరమూ తరచుగా అటు తిరిగేది. తిప్పితే ధ్వనే మారిపోయే లిపిలో ఆ స్వేచ్ఛ ఉండదు. పైగా రంగస్థలం మీద నటుడు కర్రను తలకిందులుగా పట్టుకోవచ్చు. అందుకని ఎడమ నుంచి కుడికే రాయాలని, ప్రతి కర్రకూ కింది అంచున ఒక గాటు ఉండాలని తేల్చాం.

ఇప్పుడు అంకెలు అడుగుతోంది. ఒకటి నుంచి నాలుగు దాకా నిలువు గాట్లు, అయిదుకు వాటి మీదుగా ఒక ఏటవాలు గాటు. సున్నా ఆమె భాషలో లేదు కాబట్టి వలయం చెక్కే కష్టం తప్పింది.