జార్జి నికల్: పుస్తకవిక్రేత – తెలుగు ప్రాణివృక్షనామములు

మన నిఘంటువులలో అనేక పదములకు "వృక్షవిశేషము", "మత్స్యవిశేషము", "సర్పవిశేషము" అను అర్థములే కనబడును. ఏ వృక్షమో, ఏ మత్స్యమో ఆ మాటలవలన తెలియదు. ఈ కొరతను కొంత తీర్పగల ఆకరములు పదునెనిమిదవ శతాబ్ది చివర లండనులో వెలువడినవి. వాని ప్రకాశకుడు జార్జి నికల్. అతని జీవితమును, ఆ గ్రంథములవలన తెలుగు పరిశోధకునకు కలుగు ప్రయోజనమును ఇచట సంగ్రహముగా వివరింతుము.

నికల్ స్కాట్లండు దేశీయుడు. సుమారు 1740లో జన్మించెను. లండనులో స్ట్రాండు వీధియందు పుస్తకవ్యాపారము చేయుచుండిన బంధువు డేవిడ్ విల్సన్ కడ పని నేర్చెను. 1781లో మూడవ జార్జి రాజునకు ఆస్థాన పుస్తకవిక్రేత అయ్యెను. పిదప దుకాణము పాల్‌మాల్ వీధికి మారినది. రాజు గ్రంథాలయమునకై ప్రాచీన ముద్రితములను వేలములలో కొనుట అతని పనులలో నొకటి. చదువుటకై గ్రంథమును కోరు పండితునితో వేలమున పోటీ పడవలదని రాజు తన్ను ఆదేశించినట్లు నికల్ చెప్పెనని ప్రసిద్ధి. ఆ గ్రంథసంచయము 1823లో జాతికి సంక్రమించి, నేడు బ్రిటిష్ లైబ్రరీలో నున్నది. 1812లో రాక్స్‌బర్గ్ ప్రభువు పుస్తకములు వేలమునకు వచ్చినపుడు వాని పట్టికను కూర్చినవారు నికల్, అతని కుమారుడు విలియమును. ఈ ప్రభువు వేరు, మేము ముందు పేర్కొనబోవు వృక్షశాస్త్రజ్ఞుడు వేరు. నికల్ 1828లో మరణించెను.

పాతపుస్తకముల విలువ నెరిగిన యీ వర్తకుడు కొత్తపుస్తకములను వెలువరించుటయందును అంతటి శ్రద్ధ వహించెను. 1790 ప్రాంతమున ముద్రాపకుడు విలియం బల్మరుతో కలిసి షేక్‌స్పియరు ముద్రణాలయమును నెలకొల్పెను. తూర్పు ఇండియా కంపెనీ ఆజ్ఞతో సిద్ధమైన తెలుగుతీరపు ప్రకృతిగ్రంథములు బల్మరు ముద్రణలో, నికల్ ప్రకాశకత్వమున వెలువడినవి. విశాఖపట్టణమున నివసించిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ రచించిన సర్పగ్రంథము 1796లోను, ఇన్నూరు చేపలను వర్ణించిన మత్స్యగ్రంథము 1803లోను వచ్చినవి. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ రచించిన కోరమాండల్ తీరవృక్షముల గ్రంథము 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడినది. దానిలో మూడువందల పటములు కలవు. వానికి మూలమైన చిత్రములను మన దేశపు చిత్రకారులే వ్రాసిరి.

ఈ గ్రంథములందు పటము ప్రక్కన దేశీయనామము చేర్పబడుటయే మనకు ముఖ్యము. రస్సెల్ ఒక పామునకు "బంగారు పాము" అను పేరు నిచ్చెను. దానికి పసుపుపచ్చని పట్టెలుండును. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ కట్లపాముల జాతికి పెట్టిన "బుంగారుస్" అను పేరు మన "బంగారు" శబ్దమునుండి పుట్టినదే. మరియొక విషసర్పమునకు రస్సెల్ వ్రాసిన పేరు "కాటుకరేకుల పొడ". శాస్త్రమున ఆ పాము నేడు రస్సెల్ పేరిటనే ప్రసిద్ధమై యున్నను, దాని ఒంటిమీది మచ్చలను వర్ణించు తెలుగుపేరు ఆ పుటలో నిలిచినది. రాక్స్‌బర్గ్ పేర్కొన్న "సోమిద" యను వృక్షనామము "సోయ్మిడా" యను శాస్త్రీయనామమైనది. అద్దకమున ఎఱ్ఱరంగు నిచ్చు చిరివేరును పటముతో చూపినదియు నీ గ్రంథమే. 1852 నాటి బ్రౌను నిఘంటువు మొక్కల పేర్లకు రాక్స్‌బర్గును ప్రమాణముగా చూపుట గమనింపదగినది.

అయినను ఈ పేర్లను యథాతథముగా గ్రహింపరాదు. ఇవి రోమను లిపిలో, ఆంగ్లేయుని చెవికి తోచినట్లు వ్రాయబడినవి. హ్రస్వదీర్ఘములు, డకారదకారములు, లకారళకారములు వానిలో స్పష్టముగా తెలియవు. కావున ముందు పటమును బట్టి ప్రాణిని గుర్తింపవలెను. పిదప ఆ తీరమున జాలరుల, రైతుల వాడుకను విని పదరూపమును నిర్ణయింపవలెను. లిపిని మాత్రమే నమ్మినచో లేని పదములు నిఘంటువున కెక్కును.

వస్తువును, పేరును ఒకచోట భద్రపరచు ఈ పద్ధతి నేటికిని ఆదరణీయమే. 1972లో పటాన్‌చెరులో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ మున్నగు పంటల విత్తన నమూనాలను లక్షకు పైగా భద్రపరచినది. ఇట్టి విత్తనభాండాగారములలో నమూనాతో పాటు సేకరించిన చోటును, తెలిసినంతవరకు స్థానికనామమును నమోదుచేయుట పద్ధతి. విత్తనము శీతలగృహమున దశాబ్దములు నిలుచును. పలుకువారు లేని పేరు ఒక తరములోనే అంతరించును. సంగారెడ్డి ప్రాంతమున కర్మాగారములు పెరిగి పొలములు తరిగిన కొలది అచటి పంటల, కలుపుమొక్కల, పక్షుల పేర్లు తెలిసిన వృద్ధులును తగ్గుచున్నారు. మన పరిశోధక విద్యార్థులు ఆ పేర్లను చిత్రములతో కూడ సేకరించుట నేడే ఆరంభింపవలెనని, "విశేషము" అను మాటతో సరిపుచ్చు అవసరము రాబోవు నిఘంటుకారులకు కలుగరాదని మా ఆకాంక్ష.