మీకు తెలుసా? టీవీలో ఆగిన గుండెలు

టీవీలో గుండె ఆగిన ప్రతి నలుగురిలో ముగ్గురు బతికారు! ముగ్గురు అమెరికన్ డాక్టర్లు 1996లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో చెప్పిన లెక్క ఇది. ‘ఈఆర్’, ‘చికాగో హోప్’, ‘రెస్క్యూ 911’ కార్యక్రమాలవి 97 ఎపిసోడ్లు ఓపిగ్గా చూసి, 60 సీపీఆర్ (ఆగిన గుండెను నడిపించేందుకు ఛాతీ నొక్కడం) సన్నివేశాలు లెక్కపెట్టారు. ఆ సన్నివేశాల్లోని రోగుల్లో 67 శాతం మంది చక్కగా ఇంటికి కూడా వెళ్లినట్టే కనిపించారు. అప్పటి వైద్య అధ్యయనాల్లో మాత్రం, ఆసుపత్రిలోనే గుండె ఆగినా చివరికి బతికి బయటపడింది 15 శాతానికి మించలేదు. చూసేవాళ్లు తెరనే నమ్ముతారు, రేపు తమవాళ్ల మంచం పక్కన నిలబడి ‘ఏం చేసైనా లేపండి’ అంటారు. డాక్టర్లను కలవరపెట్టింది అదే.

ఈసారి టీవీలో సీపీఆర్ చేసే నటుడి చేతులు గమనించండి. మోచేతులు వంగి ఉంటాయి, ఛాతీ కదిలీ కదలనట్టు ఉంటుంది. కింద పడుకున్నది బతికున్న మనిషి కదా, గట్టిగా నొక్కితే పక్కటెముకలు విరగొచ్చు. నిజమైన సీపీఆర్‌లో చేతులు నిటారుగా ఉంచి, పెద్దవాళ్లకైతే ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి.

ఇంకో మాట. టీవీలో గుండె మానిటర్‌పై గీత నేరుగా సాగిపోగానే షాక్ ఇస్తారే, ఆ గీతకు షాక్ పనిచెయ్యదు. అప్పుడు చెయ్యాల్సింది ఛాతీ నొక్కడం, మందులు ఇవ్వడం.