రొమ్ముక్యాన్సరు మరల వచ్చునా?

రొమ్ములోని క్యాన్సరు గడ్డను శస్త్రచికిత్సతో తీసివేసిన పిమ్మట ఇంటిల్లిపాదిని వేధించు ప్రశ్న యొక్కటే: ఇది మరల వచ్చునా? ఇద్దరికి ఒకే పరిమాణము గల గడ్డలు కలిగినను, ఒకరికి తిరుగబెట్టుటయు, మరియొకరికి తిరుగబెట్టకుండుటయు కలదు. ఈ భేదమునకొక కారణము గడ్డ కణములందలి మాంసకృత్తులే.

హెర్‌-2 అను మాంసకృత్తు కణముపై నుండి దానిని పెరుగుటకు ప్రేరేపించును. 1987లో అమెరికా వైద్యుడు డెన్నిస్ స్లామన్, ఆయన సహచరులు 189 గడ్డలను పరిశీలించి, దీనికి మూలమైన జన్యువు ప్రతులు మితిమీరియున్నచో వ్యాధి త్వరగా తిరుగబెట్టుచున్నదని ప్రకటించిరి. ఆ మాంసకృత్తునే అడ్డగించు ట్రాస్టుజుమాబ్ అను మందు 1998లో ఆ దేశమున అనుమతి పొందెను. నాడు భయము గొల్పిన గుర్తే నేడు చికిత్సకు దారి చూపుచున్నది.

ఈస్ట్రొజను గ్రాహకము కణములందున్నచో ఆ హార్మోనును అడ్డగించు మాత్రలు పనిచేయును. కి-67 అనునది కణములెంత వడిగా విభజన మొందుచున్నవో తెలుపును.

ఇవి జోస్యములు కావు; అపాయమెంత యుండునో అంచనా వేయుటకు సాధనములు మాత్రమే. కావున గడ్డ పరీక్షాపత్రమును భద్రపరచి, అందలి గుర్తుల యర్థమును వైద్యుల నడిగి తెలిసికొనుడు. రొమ్మున గడ్డ తోచినచో సిగ్గుచే దాచకుడు.