చర్మం కింద నెమ్మదిగా ఎక్కే రక్షణ

ఆ బాబుకు ఎనిమిదేళ్లు. న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా వాడి రక్తంలో పదేపదే చేరి ప్రాణం మీదికి తెచ్చేది. అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ పరీక్ష చేయిస్తే, రక్తంలో ఉండాల్సిన గామా గ్లోబ్యులిన్ ఆనవాలే లేదు. యాంటీబాడీలు ఉండేది అందులోనే. దాతల రక్తం నుంచి తీసిన గ్లోబ్యులిన్‌ను నెలనెలా చర్మం కింద ఎక్కించాక బాబు కోలుకున్నాడు. 1952లో బ్రూటన్ ఈ సంగతి ప్రచురించారు. పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపానికి తొలి చికిత్స చర్మం కిందే మొదలైందన్నమాట!

తర్వాత కండకు ఇచ్చే ఇంజెక్షన్లు వచ్చాయి. అవి బాగా నొప్పి. 1980ల నుంచి సెలైన్‌లా నరానికి ఎక్కించడం వాడుకైంది. మూడు నాలుగు వారాలకు సరిపడే మందు కొన్ని గంటల్లోనే నేరుగా రక్తంలో కలిసేసరికి కొందరికి తలనొప్పి, చలి, జ్వరం వస్తాయి. తర్వాతి డోసు దగ్గరపడేసరికి యాంటీబాడీలు తగ్గి నీరసం వస్తుందని చెప్పేవారూ ఉన్నారు.

చర్మం కింది కొవ్వు పొరలో పెట్టిన మందు అలా ఉరకదు. శోషరస నాళాల గుండా రోజుల తరబడి కొద్దికొద్దిగా రక్తంలోకి చేరుతుంది. భద్రతంతా ఈ నెమ్మదితనంలోనే ఉంది. స్వీడన్‌లో 165 మందికి ఇచ్చిన 33,168 డోసుల లెక్కలు 1995లో వెలువడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం ఇళ్లలో ఎక్కించుకున్నవే. ఒళ్లంతా ప్రభావం చూపిన రియాక్షన్లు 106. ఒక్కటీ తీవ్రమైనది కాదు. ఇంట్లో వైద్యం అనగానే భయపడే తల్లిదండ్రులు ముందుగా చూడాల్సిన అంకెలివి.

ఇరవై కిలోల పిల్లవాడికి కిలోకు వంద మిల్లీగ్రాముల లెక్కన వారానికి రెండు గ్రాములు కావాలనుకుందాం. ఇరవై శాతం మందైతే పది మిల్లీలీటర్లే. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా చల్లదనం పోయేదాకా ఆగాలి, కుదపకూడదు. మసకబారినా, నలకలు కనిపించినా వాడకూడదు. పొట్ట మీద చర్మాన్ని వేళ్లతో పట్టి సూది గుచ్చాక సిరంజిని కాస్త వెనక్కి లాగి చూస్తారు. సూదికి తగిలించిన గొట్టంలో రక్తం కనిపిస్తే సూది రక్తనాళంలో పడ్డట్టే. వెంటనే తీసేసి, కొత్త సూదితో మరోచోట గుచ్చాలి. మందును నెమ్మదిగా నెట్టే పంపు ఆగేసరికి అక్కడ నిమ్మకాయంత ఉబ్బు, ఎరుపు, దురద ఉండొచ్చు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. వారాలు గడిచేకొద్దీ ఒళ్లు అలవాటుపడుతుంది కూడా.

అలాగని ఏ ముప్పూ లేదనుకోకూడదు. రక్తం గడ్డకట్టే ప్రమాదం గురించి 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ యాంటీబాడీల మందులన్నిటి (ఇమ్యూనోగ్లోబ్యులిన్ల) మీదా గట్టి హెచ్చరిక పెట్టించింది, ఎక్కించే దారి ఏదైనా సరే. పెద్ద వయసువారు, ఇదివరకు గడ్డలు కట్టినవారు, కదలకుండా మంచాన ఉన్నవారు ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలి. కాలు వాచినా, ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. అరుదైనా తీవ్రమైన అలర్జీ రావచ్చు కాబట్టి, తొలి డోసులు నర్సు కళ్లెదుటే జరగాలి.

ఇక దాతల రక్తంతో వచ్చే భయం. 1990ల తొలినాళ్లలో నరానికి ఎక్కించే ఒక మందు వల్ల కొందరికి హెపటైటిస్-సి సోకింది. ఇప్పుడు దాతల పరీక్షలతో పాటు వైరస్‌లను చంపే రసాయనాలు, ఆమ్లత, అతి సన్నని వడపోతలు వరుసగా కాపలా కాస్తున్నాయి. అయినా ప్రతి సీసా మీది బ్యాచ్ నంబరును, తేదీతో సహా ఇంటి డైరీలో రాసిపెట్టమని నర్సులు చెబుతారు. ఎప్పుడైనా ఒక బ్యాచ్‌లో లోపం బయటపడితే, అది ఎవరి ఒంట్లోకి వెళ్లిందో తేల్చేది ఆ నంబరే.