పంట పరిశోధనకు ప్రభుత్వ ధనమే ఎందుకు?

అమెరికా సంయుక్త రాష్ట్రాల వ్యవసాయోత్పత్తి 1948తో పోలిస్తే 2021 నాటికి దాదాపు మూడు రెట్లయింది. అందుకోసం వినియోగించిన భూమి, శ్రమ, యంత్రాలు, ఎరువులు, విత్తనాలు వంటి వనరులన్నింటినీ కలిపి లెక్కగడితే మాత్రం ఆ మొత్తం ఇన్ని దశాబ్దాల్లో దాదాపు పెరగలేదు. ఉన్న నేలనుంచే, ఉన్న శ్రమతోనే ఎక్కువ ఫలితం రాబట్టగలిగిన మెరుగైన వంగడాలు, సేద్య పద్ధతులు, పశువైద్యం, యంత్ర పరిజ్ఞానం ఈ మార్పుకు కారణం. ఆర్థికవేత్తలు దీనినే ఉత్పాదకత పెరుగుదల అంటారు. ఆ పరిజ్ఞానంలో అధిక భాగానికి పునాది వేసినది ప్రభుత్వ ధనంతో నడిచిన పరిశోధన కాగా, దానిని రైతు గడప దాకా చేర్చినది విస్తరణ వ్యవస్థ, అంటే పరిశోధన ఫలితాలను రైతులకు బోధించి, వారి సమస్యలను తిరిగి శాస్త్రవేత్తలకు నివేదించే ఉద్యోగుల యంత్రాంగం. ఇంతటి ఫలితమిచ్చిన ఈ రంగంపై అమెరికాలో ప్రభుత్వ వ్యయం 2002లో గరిష్ఠ స్థాయికి చేరి, ధరల పెరుగుదలను మినహాయించి చూస్తే 2019 నాటికి సుమారు మూడో వంతు తగ్గింది. ఆ వ్యయాన్ని ఫెడరల్ ప్రభుత్వమే, అంటే రాష్ట్రాల పైనుండే జాతీయ ప్రభుత్వమే, ఎందుకు భరించాలన్న ప్రశ్నకు జవాబు ఆ వ్యవస్థ చరిత్రలోనూ, పరిశోధన స్వభావంలోనూ దొరుకుతుంది.

మూడు చట్టాల పునాది

అంతర్యుద్ధం సాగుతున్న 1862లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ మోరిల్ చట్టంపై సంతకం చేశాడు. ఒక్కొక్క రాష్ట్రానికి, జాతీయ చట్టసభలో దానికున్న ప్రతి సభ్యుడి లెక్కన 30,000 ఎకరాల ప్రభుత్వ భూమిని కేటాయించి, దాన్ని అమ్మగా వచ్చిన సొమ్ముతో వ్యవసాయం, యంత్రవిద్య బోధించే కళాశాలలను నెలకొల్పాలని ఆ చట్టం నిర్దేశించింది. వాటికే ల్యాండ్ గ్రాంట్ విద్యాసంస్థలని పేరు. ఆ భూముల్లో చాలా భాగం స్థానిక ఆదివాసీ తెగలనుంచి ఒప్పందాల పేరిట, బలప్రయోగంతో లాక్కున్నదన్న వాస్తవం కూడా ఈ చరిత్రలో భాగమే. దక్షిణ రాష్ట్రాల కళాశాలల్లో నల్లజాతివారికి ప్రవేశం లేకపోవడంతో 1890లో వచ్చిన రెండో మోరిల్ చట్టం వారికి వేరుగా సంస్థలు ఏర్పడేందుకు దారితీసింది. ఆదివాసీ కళాశాలలకు ఈ హోదా 1994లో గాని దక్కలేదు.

కళాశాలలు ఏర్పడిన కొత్తలో అధ్యాపకులకు బోధించదగిన శాస్త్రమే తక్కువ. ఏ నేలకు ఏ ఎరువు సరిపోతుందో, ఏ తెగులుకు ఏది విరుగుడో స్థానికంగా పరీక్షించి చెప్పగలవారు లేరు. ఆ లోటు తీర్చడానికి 1887లో హ్యాచ్ చట్టం చేసి, ప్రతి రాష్ట్రంలో ఒక వ్యవసాయ ప్రయోగ కేంద్రానికి ఏటా 15,000 డాలర్లు ఇచ్చే ఏర్పాటు చేశారు. ఫలితాలు వచ్చాక అవి నివేదికల్లోనే మిగిలిపోతున్నాయన్న ఫిర్యాదు బయలుదేరింది. ఇదే కాలంలో సీమన్ నాప్ అనే వ్యవసాయ బోధకుడు 1903లో టెక్సాస్ రాష్ట్రంలోని టెరెల్ వద్ద ఒక రైతు పొలంలోనే, ఆ రైతు చేతనే కొత్త పద్ధతిలో సాగు చేయించి చూపాడు. పత్తి కాయలను తొలిచే బోల్ వీవిల్ అనే ముక్కుపురుగు దక్షిణాదిని కుదిపేస్తున్న రోజుల్లో ఈ క్షేత్ర ప్రదర్శన పద్ధతి వేగంగా వ్యాపించింది. అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థలో జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1906లో పనిముట్లు, విత్తనాలు నింపిన గుర్రపు బండిని పేద నల్లజాతి రైతుల ఊళ్లకు పంపే ఏర్పాటు చేయడం కూడా ఇటువంటి ప్రయత్నమే. ఈ అనుభవాల మీద 1914లో స్మిత్ లీవర్ చట్టం రూపొంది, ఫెడరల్ ప్రభుత్వం, రాష్ట్రం, కౌంటీ అనే స్థానిక పాలనా విభాగం కలిసి ఖర్చు పంచుకునే సహకార విస్తరణ వ్యవస్థ ఏర్పడింది. బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడింటినీ ఒకే విశ్వవిద్యాలయం కిందికి తేవడం ఈ ఏర్పాటులోని విశేషం.

పెట్టుబడికి వచ్చిన ఫలం

ఈ వ్యవస్థ సాధించిన ఫలితాల్లో ముందుగా చెప్పదగినది సంకర మొక్కజొన్న. కనెక్టికట్ రాష్ట్ర ప్రయోగ కేంద్రంలో డొనాల్డ్ జోన్స్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో నాలుగు వంశాలను రెండు దశల్లో సంకరం చేసే పద్ధతిని రూపొందించడంతో, అంతవరకు ప్రయోగానికే పరిమితమైన సంకర విత్తనం వాణిజ్యస్థాయిలో తయారు చేయడానికి వీలైంది. 1930ల్లో ఎకరానికి సగటున ఆరు క్వింటాళ్ల పైచిలుకు ఉన్న అమెరికా మొక్కజొన్న దిగుబడి ఇటీవలి సంవత్సరాల్లో 45 క్వింటాళ్ల దాకా చేరింది. దీనిలో ఎరువులకూ, యంత్రాలకూ, తర్వాతి కాలంలో ప్రైవేటు విత్తన సంస్థల కృషికీ వాటా ఉన్నా, మొదటి అడుగు వేసినవి ప్రభుత్వ ధనంతో నడిచిన ప్రయోగశాలలు. ఈ పరిశోధనపై పెట్టిన ఖర్చునూ, దానివల్ల సమాజానికి ఒనగూడిన లాభాన్నీ జ్వీ గ్రిలిచెస్ 1958లో లెక్కగట్టి చూపిన తర్వాత, వ్యవసాయ పరిశోధనను ఒక పెట్టుబడిగా అంచనా వేసే ఆర్థికశాస్త్ర శాఖే పెరిగింది. 1900 నుంచి 2011 వరకు ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనపై పెట్టిన ప్రతి డాలరుకు సగటున 20 డాలర్ల మేలు జరిగిందని అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన ఆర్థిక పరిశోధన విభాగం పేర్కొన్నది.

ఈ మేలు పొలంతో ఆగలేదు. క్షయవ్యాధికి తొలి సమర్థమైన మందైన స్ట్రెప్టోమైసిన్ 1943లో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో మట్టిలోని సూక్ష్మజీవులపై జరిగిన పరిశోధననుంచి లభించింది. పెన్సిలిన్‌ను రెండో ప్రపంచ యుద్ధ కాలంలో భారీగా ఉత్పత్తి చేసే మార్గం, ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో ఉన్న వ్యవసాయ శాఖ ప్రయోగశాల, మొక్కజొన్న పిండి పరిశ్రమలో మిగిలే ద్రవాన్ని వినియోగించి కనిపెట్టినది.

కొత్త దిగుబడులు సాధించే పరిశోధన అందరి కంటా పడుతుంది. సాధించిన దిగుబడిని నిలబెట్టే పరిశోధన ఎవరికీ కనిపించదు. చీడపీడలు నిరంతరం రూపు మార్చుకుంటూ ఉంటాయి కనుక, నేడు తెగులును తట్టుకునే వంగడం కొన్నేళ్లకు దానికి లొంగిపోతుంది. 1970లో ఆకుఎండు తెగులు అమెరికా మొక్కజొన్న పంటలో సుమారు 15 శాతాన్ని నాశనం చేసింది. విత్తనోత్పత్తి సులువుగా ఉంటుందని దాదాపు దేశమంతటా ఒకే రకమైన తల్లి వంశాన్ని వాడడం, ఆ వంశానికే ఈ తెగులు సోకే గుణం ఉండడం దానికి కారణం. వేరే వంశాలు అందుబాటులో ఉండి, వాటి గురించి తెలిసిన ప్రజనన శాస్త్రవేత్తలు ఉన్నందువల్లనే తర్వాతి సంవత్సరాల్లో విత్తనాన్ని త్వరగా మార్చగలిగారు.

నిలకడ తప్పితే ఏమవుతుందో స్క్రూవర్మ్ ఉదంతం చెబుతుంది. ఇది పశువుల పుండ్లలో గుడ్లు పెట్టే ఒక ఈగ; ఆ గుడ్లనుంచి వచ్చే పురుగులు బతికున్న పశువు మాంసాన్ని తినేస్తాయి. ఆడ ఈగ జీవితంలో ఒక్కసారే జతకడుతుందని గమనించిన వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ నిప్లింగ్, రేమండ్ బుష్‌లాండ్, రేడియేషన్‌తో సంతానశక్తి పోగొట్టిన మగ ఈగలను కోట్ల సంఖ్యలో వదిలితే ఆ జాతే అంతరిస్తుందని ఊహించి, 1954లో కరీబియన్ సముద్రంలోని కురసావ్ ద్వీపంలో దానిని నిరూపించారు. ఈ పద్ధతితో అమెరికానుంచి, తరువాత మెక్సికోనుంచి, మధ్య అమెరికానుంచి ఆ ఈగను తరిమి, పనామా వద్ద ఈగలను నిరంతరం వదులుతూ అడ్డుకట్ట వేశారు. ఆ అడ్డుకట్టను దాటి అది 2023లో మళ్లీ విజృంభించి, 2024 నవంబరులో దక్షిణ మెక్సికోలో కనిపించగానే అమెరికా మెక్సికోనుంచి పశువుల దిగుమతిని నిలిపివేయవలసి వచ్చింది. ఒకసారి గెలిచిన పోరాటానికి కూడా ఏటా ఖర్చు పెడుతూనే ఉండాలని ఈ ఉదంతం తెలుపుతున్నది.

మార్కెట్టు చేయలేని పని

విత్తన, రసాయన, యంత్ర సంస్థలు నేడు పరిశోధనపై ప్రభుత్వం కంటే ఎక్కువే ఖర్చు చేస్తున్నాయి కనుక ప్రజాధనం అవసరం లేదనే వాదన ఉన్నది. సంస్థలు పెట్టే ఖర్చు ఎక్కడికి పోతున్నదో చూస్తే ఈ వాదన బలహీనత తెలుస్తుంది. సంకర మొక్కజొన్న విత్తనాన్ని రైతు ఏటా కొనవలసిందే గనుక అందులో సంస్థకు లాభం ఉంటుంది. గోధుమ రైతు తన పంటలోనే విత్తనం దాచుకోగలడు. అందువల్లనే కాన్సాస్ వంటి రాష్ట్రాల్లో రైతులు విత్తే గోధుమ వంగడాల్లో గణనీయమైన భాగం విశ్వవిద్యాలయాల్లో రూపొందినవి. నేల కోత నివారణ, తక్కువ నీటితో సాగు, పురుగుమందు ఎప్పుడు వాడనక్కరలేదో చెప్పే సలహా, చిన్న విస్తీర్ణంలో పండే పంటల తెగుళ్లు వంటి విషయాల్లో అమ్మదగిన సరుకేమీ తయారు కాదు. ఒక రైతు తెలుసుకున్నది పొరుగు రైతుకు ఉచితంగా చేరుతుంది, ఒక రాష్ట్రంలో కనిపెట్టినది పక్క రాష్ట్రానికి ఉపకరిస్తుంది. అందువల్ల సంస్థకే కాదు, ఏ ఒక్క రాష్ట్రానికీ తానొక్కటే పూర్తి ఖర్చు భరించాలన్న ఆసక్తి ఉండదు. దేశమంతటికీ అందే మేలుకు దేశమంతటి ఖజానా ఖర్చు పెట్టడమే న్యాయమన్నది ఫెడరల్ నిధులకు మూలాధారమైన తర్కం.

కాలవ్యవధి మరొక కారణం. ప్రయోగశాలలో మొదలైన ఆలోచన పొలానికి చేరి పూర్తి ఫలం ఇవ్వడానికి దశాబ్దాలు పడుతుంది. ఫ్లోరిడాలో 2005లో బయటపడిన గ్రీనింగ్ తెగులు అక్కడి నారింజ తోటలను ఎంతగా దెబ్బతీసిందంటే, 2003-04లో 24 కోట్ల పెట్టెలున్న దిగుబడి, తుపానులు కూడా తోడై 2022-23 నాటికి 2 కోట్ల పెట్టెల లోపుకు పడిపోయింది. ఇటువంటి సమస్యకు విరుగుడు, అది వచ్చిన తర్వాత నిధులు విదిలిస్తే మరుసటి ఏడాదికి సిద్ధం కాదు.

నిధుల తీరు, లోపాలు

ఫెడరల్ నిధులు విశ్వవిద్యాలయాలకు ప్రధానంగా రెండు దారుల్లో అందుతాయి. హ్యాచ్, స్మిత్ లీవర్ చట్టాల కింద గ్రామీణ జనాభా, రైతుల సంఖ్య వంటి కొలమానాలతో ప్రతి రాష్ట్రానికీ లభించే స్థిర వాటా మొదటిది. దానికి సమానంగా రాష్ట్రాలు కూడా సొమ్ము జతచేయాలి. శాస్త్రవేత్తలు ప్రతిపాదనలు పంపి పోటీపడి గెలుచుకునే గ్రాంట్లు రెండోది. పోటీ వల్ల నాణ్యత పెరుగుతుందన్నది నిజం. అయితే మూడు నాలుగేళ్ల గ్రాంటుతో ఒక వంగడం తయారు కాదు, కౌంటీ విస్తరణ అధికారి జీతం సాగదు, యాభై ఏళ్లుగా నడుస్తున్న నేల పరీక్షా క్షేత్రం కొనసాగదు. పోటీ గ్రాంట్ల ప్రధాన పథకానికి 2008 వ్యవసాయ చట్టం ఏటా 70 కోట్ల డాలర్ల వరకు అనుమతించగా, ఆ మొత్తం ఏ సంవత్సరమూ పూర్తిగా మంజూరు కాలేదు.

స్థిరత్వం నిధులకే కాక, మనుషులకూ కావాలి. గ్రాంట్లను పంపిణీ చేసే జాతీయ సంస్థనూ, ఆర్థిక పరిశోధన విభాగాన్నీ 2019లో వాషింగ్టన్ నుంచి కాన్సాస్ సిటీకి తరలించినప్పుడు ఉద్యోగుల్లో అధికులు వెళ్లడానికి ఇష్టపడక తప్పుకున్నారు. వారితో పాటు ఏళ్ల తరబడి పోగైన అనుభవమూ పోయింది. నిధుల పంపకంలో అన్యాయం కూడా ఉన్నది. 1890 నాటి నల్లజాతి సంస్థలకు 16 రాష్ట్రాలు మూడు దశాబ్దాలకు పైగా సమాన వాటా ఇవ్వనందువల్ల ఏర్పడిన లోటు 1,200 కోట్ల డాలర్లు దాటిందని ఫెడరల్ విద్యా, వ్యవసాయ మంత్రులు 2023లో ఆయా గవర్నర్లకు లేఖలు రాశారు.

పరిశోధన ఎవరికి ఉపకరించిందన్న విమర్శను కూడా తోసిపుచ్చడానికి వీలులేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1960ల్లో టమాటా కోత యంత్రాన్నీ, దానికి తట్టుకునే గట్టి కాయనూ రూపొందించినప్పుడు వేలాది కూలీలు పని కోల్పోగా, చిన్న రైతులు ఆ పంటనే వదులుకున్నారు. దానిపై కూలీల పక్షాన 1979లో విశ్వవిద్యాలయంపై దావా పడింది. చివరకు 1989లో అప్పీలు కోర్టు విశ్వవిద్యాలయం వైపే తీర్పు చెప్పినా, ప్రజాధనంతో జరిగే పరిశోధన ఎవరి మేలు కోరాలన్న ప్రశ్న మిగిలే ఉన్నది. నిధులు తగ్గించడం దానికి సమాధానం కాలేదు. ప్రజాధనం తప్పుకున్న చోట పరిశోధన అంశాలను నిర్ణయించేది కొనుగోలు శక్తి ఉన్నవారే గనుక, చిన్న రైతుకు ప్రశ్నించే హక్కు ఉన్న వ్యవస్థ ప్రభుత్వ వ్యవస్థ ఒక్కటే.

తెలుగు నేలతో ముడి

ఈ నమూనా తెలుగువారికి పరాయిది కాదు. స్వాతంత్ర్యానంతరం భారత వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ల్యాండ్ గ్రాంట్ పద్ధతిలోనే ఏర్పడ్డాయి. 1964లో రాజేంద్రనగర్‌లో స్థాపితమైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తొలినాళ్లలో కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం తోడ్పడింది. తరువాత ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టుకున్న ఆ విశ్వవిద్యాలయమూ, రాష్ట్ర విభజన అనంతరం 2014లో ఏర్పడిన ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయమూ బోధన, పరిశోధన, విస్తరణలను ఒకే గొడుగు కిందే నడుపుతున్నాయి. మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి నేటికీ లక్షల ఎకరాల్లో సాగవుతున్నాయి. వాటిలో ఏదీ ఒక ఏడాది బడ్జెట్టుతో పుట్టినది కాదు.

పరిశోధనలో కోత పెట్టిన సంవత్సరం పంట తగ్గదు. పాత కృషి ఫలితం మరి కొంతకాలం కాపాడుతుంది. నష్టం బయటపడే నాటికి ఆ నిర్ణయం చేసిన ప్రభుత్వం మారి ఉంటుంది, శాస్త్రవేత్తలు చెదిరిపోయి ఉంటారు. అందుచేత వ్యవసాయ పరిశోధన, విస్తరణల నిధులను ఏటేటా బేరమాడే ఖర్చుగా గాక, రహదారులకూ నీటిపారుదలకూ ఇచ్చినట్లే దీర్ఘకాలిక హామీతో, ధరలకు తగినట్లు పెంచుతూ, ఎవరికి మేలు జరిగిందో ప్రజలకు లెక్క చెబుతూ కేటాయించడం వాషింగ్టన్‌లోనైనా ఢిల్లీలోనైనా అమరావతి, హైదరాబాదుల్లోనైనా పాలకుల బాధ్యత. ఆ లెక్క అడగడం పన్ను కట్టే, అన్నం తినే ప్రతి పౌరుడి బాధ్యత.