రోజుకూలీ టీచరమ్మ

మనం చదువుకున్న బళ్ళలో సారు రాకపోతే పెద్ద హడావిడేమీ ఉండేది కాదు. రెండు సెక్షన్లు కలిపి కూర్చోబెట్టేవాళ్ళు. లేదంటే క్లాస్ లీడర్ చాక్‌పీసు పుచ్చుకుని, మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసేవాడు. మరీ అదృష్టం బాగుంటే పీఈటీ సారు గ్రౌండుకి తీసుకెళ్ళేవారు. అమెరికా బళ్ళలో అలా కుదరదు. పెద్దవాళ్ళు లేకుండా పిల్లల్ని గదిలో వదలరు. టీచరుకి జ్వరమొచ్చినా, టీచరుగారి బిడ్డకి జ్వరమొచ్చినా ఆ పూటకి ఎవరో ఒకరు రావాల్సిందే. అలా వచ్చే మనిషే సబ్‌స్టిట్యూట్ టీచర్. పిల్లల భాషలో 'సబ్'.

2022 ఆగస్టు నుంచి 2023 మే దాకా, టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ఒక ఊళ్ళో నేను సబ్‌ని. అంతకుముందూ ఐటీయే, ఇప్పుడూ ఐటీయే. మధ్యలో ఒక ఏడాది హెచ్4 వర్క్ పర్మిట్ చేతిలో ఉంది, ఉద్యోగం లేదు. ఆ ఏడాది చేసిన పని ఇది. "ఎలా ఉంటుంది? ఎంతిస్తారు?" అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి, అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

టెక్సాస్‌లో సబ్‌కి ఏ చదువు కావాలన్నది ఎక్కడికక్కడ స్కూల్ డిస్ట్రిక్టే నిర్ణయిస్తుంది. కాలిఫోర్నియాలో అయితే పర్మిట్ రాష్ట్రమే ఇస్తుంది. మా డిస్ట్రిక్ట్‌లో డిగ్రీ ఉండాలన్నారు. నా జేఎన్‌టీయూ మార్కుల లిస్టులు అమెరికా డిగ్రీకి సమానమేనని ఒక ఏజెన్సీ చేత రాయించాలి, వేలిముద్రలు ఇవ్వాలి, ఒక పూట ట్రైనింగ్‌కి వెళ్ళాలి. ఆ ఖర్చులన్నీ మనవే. మొదటి రెండు రోజుల సంపాదన వాటికే సరిపోయింది.

ఇక అక్కడినుంచి బతుకంతా ఫోన్‌లోనే. ఏ బడిలో ఏ టీచరు సెలవు పెట్టారో యాప్‌లో కనిపిస్తుంది. తెల్లవారుజామున అయిదున్నరకి లేచి చూడాలి. మంచి బడి, దగ్గరి బడి అయితే కనిపించిన నిమిషంలో ఎవరో ఒకరు పట్టేసుకుంటారు. సోమవారాలు, శుక్రవారాలు, ఫ్లూ రోజులు, థాంక్స్‌గివింగ్ ముందు వారం మనకి గిరాకీ. మామూలు బుధవారాలు ఈగలు తోలుకోవడమే.

బడికి వెళ్ళగానే ఆఫీసులో ఒక ఫోల్డర్ ఇస్తారు. ఎవరెక్కడ కూర్చుంటారు, ఎవరికి వేరుశెనగ పడదు, ఏ గంటలో ఏ పాఠం, అన్నీ అందులోనే. హైస్కూల్లో పని తేలిక. పిల్లలు క్రోమ్‌బుక్ తెరిచి వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు. మిడిల్ స్కూల్ అసలైన పరీక్ష. సబ్‌ని చూడగానే సీట్లు మారతాయి, పేర్లు కూడా మారతాయి. ఎలిమెంటరీలో రోజంతా నిలబడే ఉండాలి. అక్కడ అన్నిటికంటే భయం సాయంత్రం బడి వదిలే వేళ. ఎవరు బస్సు, ఎవరు డేకేర్ వ్యాను, ఎవరిని అమ్మమ్మ కారులో తీసుకెళ్తుంది? పొద్దున్నే పరిచయమైన ఇరవై రెండు మంది పిల్లల్ని సరైన బండి ఎక్కించేదాకా గుండె గుప్పిట్లోనే.

మధ్యలో క్లాసు టీచరుకి ఉండే ఖాళీ గంట మనకీ ఉంటుందనుకుంటాం. ఉండదు. ఇంకో క్లాసులో మనిషి లేరని అక్కడికి పంపిస్తారు. దానికి అదనంగా ఏమీ ఇవ్వరు.

ఇంకొకటి, తాళం. నేను చేరడానికి మూడు నెలల ముందే, మే 24న, టెక్సాస్‌లోనే ఉవాల్డేలో 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లని బడిలోనే కాల్చి చంపారు. లాక్‌డౌన్ డ్రిల్ అంటే గది తలుపు తాళం వేసి, దీపాలార్పి, పిల్లల్ని ఒక మూలకి చేర్చి చప్పుడు లేకుండా కూర్చోబెట్టాలి. మరి తాళం చెవి ఎవరి దగ్గరుంటుంది? క్లాసు టీచరు దగ్గర. ఆవిడ ఇంట్లో ఉంది. అందుకని ఏ బడికి వెళ్ళినా ఆఫీసులో నేను అడిగే మొదటి మాట "తాళం చెవి ఇస్తారా?" అనే. కొన్ని బళ్ళలో ఇచ్చారు. కొన్నిచోట్ల "పక్క గది టీచర్ వచ్చి వేస్తారు" అన్నారు. అలాంటి రోజు ఒక డ్రిల్ జరిగింది. చీకట్లో ఒక కిండర్‌గార్టెన్ పిల్లాడు నా చున్నీ కొస పట్టుకుని కూర్చున్నాడు. నా పేరేంటో కూడా వాడికి తెలియదు.

ఇప్పుడు డబ్బుల సంగతి. టీచింగ్ సర్టిఫికెట్ లేనివాళ్ళకి మా దగ్గర రోజుకి 110 డాలర్లు. లంచ్ తీసేసి లెక్కేస్తే గంటకి 14 డాలర్ల చిల్లర. ఒకే టీచరు బదులు వరసగా పది రోజులు దాటితే పదకొండో రోజు నుంచి 145. వరస తెగితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. మూడో తరగతి టీచరు ప్రసవానికి వెళ్తే ఆరు వారాలు ఆవిడ క్లాసు నాకిచ్చారు. సరిగ్గా తొమ్మిదో రోజు మా పాపకి జ్వరం. ఆ రోజు మావారు సెలవు పెట్టారు. ఆయన సెలవుకి జీతం వస్తుంది, నా సెలవుకి జీతం పోవడమే కాక వరస కూడా తెగుతుంది. ఇంట్లో ఎవరి పని ముఖ్యం అనే వాదన మాకెప్పుడూ రాలేదు కానీ, ఎవరి సెలవు ఖరీదెక్కువో ఆ రోజు తెలిసింది.

ఆ ఏడాది మొత్తం 94 రోజులు చేశాను. వచ్చింది 11,040 డాలర్లు. అందులో సోషల్ సెక్యూరిటీకి బదులుగా 7.5 శాతం వేరే రిటైర్‌మెంట్ ఖాతాకి పోతుంది. పండగలకి, స్ప్రింగ్ బ్రేక్‌కి, మంచు పడి బడి మూసిన రోజులకి పైసా రాదు. వేసవిలో నిరుద్యోగ భృతి వస్తుందేమో అనుకునేవాళ్ళకి బడి మూసేముందే ఒక ఉత్తరం వస్తుంది. "వచ్చే ఏడాది కూడా మీకు పని ఉంటుందని నమ్మకంగా చెబుతున్నాం" అని దాని సారాంశం. చదవడానికి తియ్యగా ఉంటుంది. అసలు సంగతేమిటంటే, ఆ నమ్మకం ఉన్నవాళ్ళకి సెలవుల్లో భృతి రాదని చట్టం.

ఇదంతా ఫోన్లో మా పిన్నికి చెప్పాను. ఆవిడ నల్గొండ దగ్గర ప్రభుత్వ బడిలో కొన్నేళ్ళు విద్యా వాలంటీరుగా చేసింది.

"అయితే ఎండాకాలం జీతమియ్యరా?"

"ఇయ్యరు పిన్నీ."

"జూన్ల మళ్ళ తీస్కుంటరో లేదో తెల్వదా?"

"తెల్వదు."

"గంతే బిడ్డా. అమెరికా అని ఊర్కె భయపడ్డ. మా అసొంటిదే."

నవ్వుకున్నాం కానీ ఆవిడ మాట నిజం. ఈ పద్ధతి మనిషికి కాదు, రోజుకి డబ్బిస్తుంది. కానీ ఈ పనిలో నైపుణ్యమంతా ఒకే బడికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడంలోనే ఉంది. మొదటిసారి వెళ్ళిన క్లాసులో అరిచి గోల చేసినవాళ్ళే అయిదోసారి వెళ్ళినప్పుడు "మిస్, నేను ఈరోజు లైన్ లీడర్ని" అని ఎదురొచ్చారు. హాజరు పట్టీలో 'శ్రీవల్లి' అని ఉన్నది ఉన్నట్టు పలికితే ఆ పిల్ల తలెత్తి చూసిన చూపు నాకింకా గుర్తే. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల పేర్లు నాకు కొత్త. అందుకని "నీ పేరు నువ్వే చెప్పమ్మా" అని అడిగి, పక్కన తెలుగులో రాసుకునేదాన్ని. మన అక్షరాలు అక్కడ భలే పనికొచ్చాయి. జనవరి తర్వాత దూరపు బళ్ళు మానేసి, పని దొరికినా దొరకకపోయినా మూడే బళ్ళు పట్టుకున్నాను. రోజులు తగ్గాయి, పని బాగుపడింది. ఆ బాగుకి మాత్రం యాప్‌లో ఎక్కడా రేటు లేదు. మొదటి రోజూ 110, యాభయ్యో రోజూ 110.

ఈ పనిలోకి వద్దామనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. ఇంటి అద్దె దీనిమీద ఆధారపడితే వద్దు. పిల్లల బడి వేళలకి సరిపడే పని కావాలంటే రండి, కానీ రెండు మూడు బళ్ళకే కట్టుబడండి. తాళం చెవి అడగడానికి మొహమాటపడకండి.

రానివాళ్ళకి ఒక్కటే. మీ పిల్లలు ఇంటికొచ్చి "ఈరోజు సబ్ వచ్చింది" అంటే, "ఆవిడ పేరేంటి?" అని అడగండి.