కంప్యూటర్‌ని మాగేయకండి!

వరిగడ్డి వెచ్చదనంలో నూజివీడు రసాలు మాగి తియ్యబడతాయి. అదే వేడి కంప్యూటర్‌కి తగిలితే?

టీవీకి కలిపి సినిమాలు చూసేందుకు సొంతంగా హోమ్‌ థియేటర్‌ పీసీ బిగించుకునేవాళ్లు చేసే పెద్ద పొరపాటు- దాన్ని షోకేసులో పెట్టి అద్దాలు మూసేయడం. మే ఎండల్లో మరీ ప్రమాదం. ఫ్యాను రొదలో మాటలు వినపడవు. వేడి మితిమీరితే ప్రాసెసర్‌ వేగం తగ్గించుకుంటుంది, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

చిన్న ఫ్యాన్లకన్నా 120 మిల్లీమీటర్లది మేలు. నెమ్మదిగా తిరిగినా చాలినంత గాలినిస్తుంది.

పోర్టూ చూసుకోవాలి. హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కేలో సెకనుకి 30 ఫ్రేములే. 24 ఫ్రేముల సినిమాకి ఫర్వాలేదు. క్రికెట్‌కి 60 కావాలంటే 2.0 ఉండాల్సిందే.

అన్నిటికన్నా ముందు అద్దాలు తీసి, చుట్టూ కాస్త చోటు వదలండి. మాగడం పళ్ల పని!